80 అంటే ఎవరి 80?

ఒక టర్మ్‌లో నాలుగు పరీక్షలు పెట్టాను అనుకోండి. ఒకమ్మాయికి వరసగా 95, 85, 75, 65 వచ్చాయి. ఇంకొకమ్మాయికి 65, 75, 85, 95. ఇద్దరి సగటూ 80. ఇద్దరి కార్డులోనూ ఒకటే అక్షరం, బి. మొదటి అమ్మాయి ఎక్కడో జారిపోతోంది, రేపే కూర్చోబెట్టి మాట్లాడాలి. రెండో అమ్మాయికి పట్టు దొరికింది, ఇక మనం అడ్డు రాకుండా ఉంటే చాలు. ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టి బి అని రాసి ఇంటికి పంపిస్తాం.

నేను లెక్కల టీచర్ని. సగటు మీద నాకు పగేమీ లేదు, ఏటా పాఠంగా చెప్తాను కూడా. విలువలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు సగటు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని ఆ పాఠంలోనే ఉంటుంది. అది చెప్పి స్టాఫ్ రూమ్‌కి వచ్చి, పిల్లల మార్కులన్నీ కూడి భాగిస్తాం.

గ్రేడ్లు తీసేయాలి అనేవాళ్లలో ఎక్కువమంది ఆ అక్షరాల మీదే విరుచుకుపడతారు. నాకు మాత్రం అక్షరం కన్నా దాని వెనక జరిగే ఆ కూడికా భాగహారమే ఎక్కువ చెరుపు చేస్తుందనిపిస్తుంది. టర్మ్ మొదట్లో రానిది చివరికి వచ్చినా, రాని రోజుల మార్కు పిల్లాడి కాలు పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఇప్పుడు వచ్చేసింది కదా, ఇంకా ఆ పాత బాకీ ఎందుకు? ఈ ప్రశ్నకు నాకు సరైన జవాబు ఎవరూ చెప్పలేదు. అందుకే, గ్రేడ్లకు ప్రత్యామ్నాయం అని ఎవరైనా ఏదైనా కొత్త పద్ధతి చూపిస్తే నేను ముందు అడిగేది ఒకటే: ఇందులో పాత మార్కు చెరిగిపోతుందా, లేదా?

ఈ అక్షరాలేవో అనాదిగా ఉన్నట్టు మాట్లాడతాం గానీ వాటి వయసు పెద్దదేం కాదు. 1785లో యేల్ కాలేజీ అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ తన విద్యార్థుల్ని నాలుగు రకాలుగా విడదీసి డైరీలో రాసుకున్నాడు. లాటిన్ పేర్లు పెట్టాడు గానీ సారాంశం మనకు తెలిసిందే, పైవాళ్లు, కిందివాళ్లు. మార్కులకు అక్షరాలు తగిలించిన తొలి కాలేజీల్లో అమెరికాలోని మౌంట్ హోల్యోక్ ఒకటి, అది 1897లో. అక్కడ 95 నుంచి ఎ. సరిగ్గా 75 వస్తే డి, అంటే బొటాబొటిగా గట్టెక్కినట్టు. అంతకన్నా తగ్గితే ఇ, ఫెయిల్. మరుసటి ఏడే హద్దులు మార్చి ఎఫ్‌ని తెచ్చారు. పెట్టినవాళ్లే ఏడాది తిరక్కుండా మార్చుకున్న హద్దులవి, మనమేమో వాటిని రాతి మీద చెక్కినట్టు చూస్తాం.

1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక చిలిపి పని చేశారు. ఇంగ్లిష్ పరీక్ష జవాబు పత్రం ఒకటి తీసుకుని, దాని నకళ్లు వందమందికి పైగా టీచర్లకు పంపి దిద్దమన్నారు. అదే పేపరుకు ఒకరు 64 వేశారు, ఒకరు 98 వేశారు. ఇంగ్లిష్ కాబట్టి ఎవరి అభిరుచి వారిది అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మరుసటి ఏడు వాళ్లు జామెట్రీ పేపరు పంపారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది, 28 దగ్గర మొదలై 90 పైదాకా పోయింది. కొందరు జవాబు తప్పయినా మెట్టు మెట్టుకీ మార్కులిచ్చారు, కొందరు దస్తూరీ బాగాలేదని కోశారు. లెక్కల మార్కు అంటే తూకం వేసినంత కచ్చితం అనుకునే మా లెక్కల టీచర్లు ఈ సంగతి అప్పుడప్పుడూ గుర్తుచేసుకోవడం మంచిది.

సున్నా గురించి చెప్పకపోతే ఈ సగటు గోల పూర్తికాదు. 90 నుంచి ఎ, 80 నుంచి బి, 70 నుంచి సి, 60 నుంచి డి, అంతకు తక్కువైతే ఎఫ్ అనే లెక్క చాలాచోట్ల ఉంది. ఎ నుంచి డి దాకా ఒక్కోదానికి పది మార్కుల జాగా, ఎఫ్‌కి ఏకంగా అరవై. ఒక పిల్లాడు నాలుగు అసైన్‌మెంట్లలో 90 చొప్పున తెచ్చుకుని ఐదోది ఇవ్వలేదు. సున్నా వేసి సగటు తీస్తే 72, అంటే సి. అదే అక్షరాలకు 4, 3, 2, 1, 0 అని విలువలిచ్చి సగటు తీస్తే 3.2, అంటే బి. పిల్లాడూ అదే, చేసిన పనీ అదే. కొలబద్ద మార్చేసరికి సి కాస్తా బి అయింది. పైగా ఆ సున్నా లెక్కల గురించి చెప్పిందేమీ లేదు. అసైన్‌మెంట్ ఇవ్వలేదు అని మాత్రమే చెప్పింది. ఆ మాట ఇంకో వరసలో, విడిగా రాసుకుంటే పోతుంది కదా. నేను అలాగే రాస్తాను. సమయానికి ఇవ్వడం, క్లాసులో మాట్లాడటం, పుస్తకం తేవడం, ఇవన్నీ ఒక కాగితం. లెక్కలు వచ్చాయా లేదా అన్నది ఇంకో కాగితం. రెండూ ఎప్పుడూ కలపను.

ఇక ఆ రెండో కాగితం. టర్మ్ మొదట్లోనే, చివరికి పిల్లలు ఏమేం చేయగలగాలో ఒక జాబితా రాసి చేతికిస్తాను. పాఠాల పేర్లు కాదు, పనులు. "హారాలు వేరైన రెండు భిన్నాలను కూడగలను." "బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే సరిగ్గా విప్పగలను." "మాటల్లో ఇచ్చిన లెక్కను సమీకరణంగా రాయగలను." ఇలాంటివి ఇరవై దాటకుండా చూసుకుంటాను. దాటితే నాకే చదవబుద్ధి కాదు, పిల్లలేం చదువుతారు? ఒక్కోదానికి ఎదురుగా నాలుగు మెట్లు: ఇంకా రాలేదు, సాయం చేస్తే వస్తుంది, సొంతంగా వస్తుంది, కొత్త లెక్కలో కూడా వాడగలదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, స్టాండర్డ్స్ బేస్డ్ గ్రేడింగ్ అని చాలాకాలంగా ఉన్నదే. పరీక్ష పేపర్లో ప్రతి ప్రశ్న పక్కనా అది జాబితాలో ఎన్నో పనికి సంబంధించిందో రాసి ఉంటుంది. దిద్దేటప్పుడు మొత్తం కూడను. ఏ పని ఏ మెట్టు మీద ఉందో మాత్రం నా రిజిస్టర్లో పెన్సిల్‌తో రాస్తాను. పెన్సిల్ ఎందుకంటే, వచ్చే వారం పిల్ల ఇంకా బాగా చేస్తే పాతది చెరిపేసి కొత్తది రాస్తాను. సగటు తీయను. తాజాగా ఏం చేయగలిగితే అదే ఖరారు.

ఒక్కసారి సరిగ్గా చేసినంత మాత్రాన "సొంతంగా వస్తుంది" అని రాసేయను. గుడ్డిగా తగిలి ఉండొచ్చు, నిన్న రాత్రి బట్టీ పట్టి ఉండొచ్చు. కనీసం వారం ఎడంతో రెండుసార్లు చేసి చూపించాలి. ఈ నియమం పిల్లలకు మొదట్లో నచ్చదు. కానీ వారం తర్వాత తమకే గుర్తులేదని తెలిసినప్పుడు పెద్దగా వాదించరు.

దీనివల్ల ఏం ఒరిగిందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకబ్బాయికి సమీకరణాల పరీక్షలో 20కి 11, బహుపదుల్లో 12, సరళరేఖల గ్రాఫుల్లో మళ్లీ 11. అంతకు ముందు క్లాసుల్లోనూ అంతే. ఏ టీచరు చూసినా "యావరేజ్ స్టూడెంట్" అంటారు, వాళ్లింట్లో కూడా ఆ మాటకు అలవాటు పడిపోయారు. నా జాబితా ప్రకారం దిద్దుతుంటే మూడు పేపర్లలోనూ తప్పులన్నీ ఒకే గడిలో వచ్చి పడ్డాయి. బ్రాకెట్లో ఎక్స్ మైనస్ 5 ఉండి బయట మైనస్ 2 ఉంటే, విప్పినప్పుడు చివరి పదం ప్లస్ 10 కావాలి. వీడు మైనస్ 10 రాస్తాడు. లెక్కలో మిగతాదంతా నిక్షేపంగా చేస్తాడు. ఆ ఒక్క గుర్తు సమీకరణంలో జవాబును మార్చేస్తుంది, బహుపదిలో పదాన్ని మార్చేస్తుంది, గ్రాఫులో గీతను వేరే చోట గీయిస్తుంది. మూడు పాఠాల్లో ఓ మోస్తరుగా ఉన్నట్టు కనిపించిన పిల్లాడికి నిజానికి రానిది ఒకే ఒక్కటి. దాన్ని సరిచేయడానికి ఒక మధ్యాహ్నం విరామం సరిపోయింది. వాడే అడిగాడు, "మేడమ్, ఇంతేనా?" అని. ఇంతేరా అన్నాను. కోపం కూడా వచ్చింది నాకు, వాడి మీద కాదు. 11, 12, 11 అని రాసి చేతులు దులుపుకునే పద్ధతి మీద.

అందరి కథా ఇలా ఒక్క మధ్యాహ్నంతో తేలదు లెండి. భిన్నాలే రాని పిల్లలుంటారు, వాళ్ల జాబితాలో సగం గడులు టర్మ్ అంతా "సాయం చేస్తే వస్తుంది" దగ్గరే ఉంటాయి. ఏ పద్ధతి పెట్టినా అది మారదు. కాకపోతే ఎక్కడ ఉన్నారో వాళ్లకీ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది.

రీటెస్టుల దగ్గరికి వచ్చేసరికి స్టాఫ్ రూమ్‌లో యుద్ధమే. "మళ్లీ రాయొచ్చని తెలిస్తే మొదటిసారి ఎవడు చదువుతాడండీ?" అని మా సీనియర్ సైన్స్ సార్ అడిగారు. ఆయన మాటలో నిజముంది. కొందరు చదవరు. అందుకని రీటెస్టుకి ఒక టికెట్ పెట్టాను. పోయినసారి తప్పు ఎక్కడ జరిగిందో సొంత మాటల్లో రాయాలి, అలాంటివే మూడు లెక్కలు చేసి తేవాలి. అప్పుడే మళ్లీ రాయనిస్తాను, అది కూడా పేపరు మొత్తం కాదు, ఆ ఒక్క పనికి సంబంధించిన రెండు లెక్కలు, ఐదు నిమిషాల్లో అయిపోయేవి. బద్ధకంతో మొదటిసారి వదిలేసినవాళ్లకి ఈ టికెట్ రాయడం కన్నా ముందే చదువుకోవడం తేలికని త్వరగానే అర్థమవుతుంది. సార్ ఇంకా ఒప్పుకోలేదు. ఆయన్ని ఒప్పించే ప్రయత్నం మానేశాను, మేమిద్దరం మంచి స్నేహితులం.

1968లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త మాస్టరీ లెర్నింగ్ గురించి రాసినప్పుడు చెప్పిందీ దాదాపు ఇదే. మామూలు క్లాసులో అందరికీ ఒకే సమయం ఇచ్చి, నేర్చుకున్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటే సరేననుకుంటాం. దాన్ని తిరగేసి చూడమన్నాడు. అందరూ నేర్చుకోవాలి, పట్టే సమయం మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉండనివ్వండి అని. వినడానికి బాగుంటుంది. టైమ్‌టేబుల్ ముందు కూర్చుని అమలు చేయబోతేనే తల తిరుగుతుంది. వారానికి ఒక పీరియడ్ పూర్తిగా రీటెస్టులకీ, వెనకబడ్డ పనులకీ వదిలేస్తే తప్ప నాకు కుదరలేదు. ఆ పీరియడ్‌లో అన్నీ వచ్చినవాళ్లు ఏం చేయాలన్నది వేరే తలనొప్పి.

దిద్దిన పేపర్ల మీద మనం రాసే వ్యాఖ్యల సంగతికి వస్తే, రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగం టీచర్లందరూ తెలుసుకోవాల్సింది. కొందరు పిల్లలకి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లలో పని మీద ఆసక్తి నిలిచింది, పనీ మెరుగుపడింది. రెండూ ఇస్తే ఇంకా మంచిది కదా అనుకుంటాం. తీరా చూస్తే మార్కు పక్కన చేరగానే వ్యాఖ్య ఫలం పోయింది. దీనికి ప్రయోగం కూడా అక్కర్లేదు, పేపర్లు పంచిన రోజు క్లాసులో నిలబడి చూస్తే చాలు. అందరూ ముందు మొత్తం ఎంతో వెతుకుతారు, తర్వాత పక్కవాడి పేపర్లోకి తొంగి చూస్తారు, తర్వాత సంచిలో పెట్టేస్తారు. నేను అరగంట కూర్చుని ఎర్ర సిరాతో రాసిందంతా సంచి పాలు.

ఇప్పుడు పేపర్లు వ్యాఖ్యలతో మాత్రమే ఇస్తాను. మెట్లు ఏమిటో రెండు రోజుల తర్వాత చెప్తాను. ఈ రెండు రోజుల్లో పిల్లలు పెట్టే నస మామూలుగా ఉండదు. ఇంకో సంగతి, వ్యాఖ్య అంటే "బాగుంది, ఇంకా కృషి చేయాలి" కాదు. అది కూడా మాటల్లో రాసిన బి గ్రేడే. "నాలుగో వరసలో రెండు వైపులా దేనితో భాగించావు? అది సున్నా అయితే ఏమవుతుంది?" అని రాస్తే పిల్ల మళ్లీ ఆ వరసకు వెళ్లి చూడక తప్పదు.

అసలు గ్రేడ్లే లేకుండా పేరాలు పేరాలు రాసి ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. అమెరికాలో ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ అలాంటిదే. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1965లో మొదలైనప్పుడు అదే దారిలో వెళ్లింది, 2001 నాటికి అక్షరాలను తప్పనిసరి చేసుకుంది. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. పదిహేనుమంది ఉన్న క్లాసులో ఒక్కో పిల్ల గురించి ఒక పేజీ రాయడం ఆనందంగా ఉంటుంది. నూట యాభైమంది పేపర్లు దిద్దే టీచరుని రాయమంటే మూడో సాయంత్రానికల్లా కాపీ పేస్ట్ మొదలవుతుంది. "శ్రద్ధగా వింటుంది, చురుగ్గా పాల్గొంటుంది" అని అందరికీ ఒకే నాలుగు వాక్యాలు. అలాంటి పేరాకన్నా నిజాయితీగా వేసిన ఒక అక్షరమే నయం.

పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే చెప్పడం ఇంకో దారి. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో మొదటి సెమిస్టర్ విద్యార్థులకు పాస్ అయితే పాస్ అని రాస్తారు, కాకపోతే ఆ కోర్సు ఊసే బయటికిచ్చే ట్రాన్‌స్క్రిప్టులో ఉండదు. కొత్త చోటికి వచ్చి నిలదొక్కుకునేవాళ్లకి ఇది మంచి ఏర్పాటు. కానీ వెనక పోటీ ఉన్నచోట ఇది పెద్దగా పనిచేయదు. అమెరికాలో డాక్టర్ లైసెన్స్ కోసం రాసే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈలో మొదటి అంచెను 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్‌గా మార్చారు. పిల్లల మీద ఒత్తిడి తగ్గించాలన్నది ఒక ఉద్దేశం. రెండో అంచెలో మార్కులు అలాగే ఉన్నాయి కాబట్టి టెన్షన్ అంతా అక్కడికి జరిగింది. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒక అంకెతో వడకట్టక మానరు. నా క్లాసులో నేను ఎన్ని మెట్లు పెట్టినా, చెరిపినా, గుమ్మం దాటాక పిల్లల్ని అడిగేది ర్యాంకే.

లిండా నిల్సన్ అనే అమెరికా విద్యావేత్త ప్రచారంలోకి తెచ్చిన స్పెసిఫికేషన్స్ గ్రేడింగ్ కాలేజీ స్థాయిలో బాగా నడుస్తుందనుకుంటాను. పని ఎలా ఉండాలో ముందే చెప్తారు, అలా ఉంటే సరే, లేకపోతే ఇంకా కాలేదు, మధ్యలో బేరాలుండవు. ప్రాజెక్టులకి నేను కొంత వాడాను, ఏడున్నరా ఎనిమిదా అనే వాదన పోయినందుకే ప్రాణం హాయిగా ఉంది. పిల్లల్నే తమ గ్రేడ్ తాము చెప్పమనే పద్ధతి మాత్రం నాకు అచ్చిరాలేదు. నోరున్నవాళ్లు ఎ అన్నారు, అన్నీ వచ్చిన నెమ్మది పిల్లలు బి అనుకుని తల దించుకున్నారు.

తల్లిదండ్రుల మీటింగ్‌లో మొదటి ఏడాది గట్టిగానే జరిగింది. ఒక నాన్నగారు జాబితా అంతా ఓపిగ్గా చదివి, మడిచి, "అంతా బాగుంది మేడమ్. ఇంతకీ మావాడు క్లాసులో ఎన్నోవాడు?" అన్నారు. తెలియదండీ, నేను ఆ లెక్క కట్టను అన్నాను. నమ్మలేదు. దాస్తున్నాననుకున్నారు. అప్పుడు వాళ్లబ్బాయినే పిలిచి, నీకేం వచ్చో ఏం రాదో నాన్నకి నువ్వే చూపించు అన్నాను. వాడు వేలు పెట్టి ఒక్కో గడీ చెప్పుకుంటూ వెళ్లాడు. శాతాలు వచ్చు, చుట్టుకొలతలు వచ్చు, మాటల లెక్కలు ఇంకా రావు. ఎందుకు రావు అని ఆయన అడిగితే, చదివేటప్పుడు ఏది ఎక్స్ అనుకోవాలో తెలియట్లేదని చెప్పాడు. ఏ ప్రోగ్రెస్ కార్డూ ఆయనకి ఆ మాట చెప్పి ఉండదు. వెళ్తూ వెళ్తూ మళ్లీ ఎన్నోవాడని అడిగారనుకోండి.

చివరికి బడికి అక్షరం కావాలి, నేనూ ఇస్తాను. జాబితాలో తప్పనిసరి అని గుర్తుపెట్టిన పనులన్నీ సొంతంగా వస్తే బి. వాటిలో సగమైనా కొత్త లెక్కల్లో వాడగలిగితే ఎ. ఒకట్రెండు తప్పనిసరి పనులు మిగిలిపోతే సి. ఎక్కడా భాగహారం ఉండదు. ఈ లెక్క టర్మ్ మొదటి రోజే గోడ మీద అంటిస్తాను, ఏం చేస్తే ఏం వస్తుందో అడగాల్సిన పనే లేదు.

నా జాబితాకో పెద్ద లోటుంది, అది ఇప్పటికీ తీరలేదు. లెక్కల్ని ఇరవై ముక్కలు చేశాక, ప్రతి ముక్కా వచ్చిన పిల్ల కూడా ఏ ముక్క ఎక్కడ వాడాలో చెప్పని లెక్క ఎదురైతే పెన్ను కొరుకుతూ కూర్చుంటుంది. పేపర్లో ప్రశ్న పక్కనే ఇది ఎన్నో పనో నేనే రాసి ఇస్తున్నాను కదా, దారి వెతుక్కోవాల్సిన అవసరం వాళ్లకెక్కడ పడింది? అందుకని ఈమధ్య ఏ పాఠం పేరూ, ఏ నంబరూ లేని ఒక లెక్క ఇచ్చి, జవాబు రాకపోయినా ఫర్వాలేదు, ముందు ఏం ప్రయత్నించారో, ఎక్కడ వెనక్కి తిరిగారో రాయమంటున్నాను. దానికి మెట్లు లేవు. చదివి, ఒక ప్రశ్న రాసి తిరిగి ఇచ్చేస్తాను. రిజిస్టర్లో దీనికంటూ ఒక గడి పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పెట్టకపోతే బాగా ఆలోచించే పిల్లలకి దక్కాల్సింది దక్కదు. పెడితే, మర్నాడే అందులో మూడో మెట్టుకి ఎన్ని ప్రయత్నాలు రాయాలి మేడమ్ అని అడుగుతారు.